కనిపించని అక్షరాలు: మామూలు మెసేజ్‌లో రహస్యం ఎలా దాగుతుంది? మన కుటుంబాలు ఏం తెలుసుకోవాలి?

విశాఖపట్నం: "ఈద్ ముబారక్" అని ఒక మెసేజ్ వచ్చింది. రెండే మాటలు. ఫొటో లేదు, లింకు లేదు. అయినా ఆ రెండు మాటల మధ్యలో ఇంకో మాట దాగి ఉండొచ్చు. కంటికి కనిపించదు, ప్రింటు తీసినా కనిపించదు. అవతలివాడికి ఎక్కడ వెతకాలో తెలిస్తే మాత్రం బయటికి తీసి చదువుకుంటాడు.

ఇది సినిమా కథ కాదు. మామూలు రాతలో రహస్యం దాచే ఈ విద్యను స్టెగనోగ్రఫీ అంటారు. పోర్టు, నేవీ, స్టీల్‌ప్లాంట్ ఉన్న విశాఖ లాంటి ఊళ్లో ఈ మాట వినగానే చాలామందికి గూఢచారులే గుర్తొస్తారు. కానీ ఈ సంగతి మామూలు కుటుంబాలకూ పనికొస్తుంది. ఉద్యోగం పేరుతో వచ్చే దొంగ లింకు దగ్గర్నుంచి, ఆఫీసు సర్క్యులర్ ఫార్వర్డ్ చేసి ఇరుక్కునే ఉద్యోగి వరకూ అందరికీ దీనితో సంబంధం ఉంది. పైగా తెలుగు, ఉర్దూ రెండూ రాసేవాళ్లకు మరీ ముఖ్యం. ఎందుకంటే ఈ కనిపించని అక్షరాలు మన రాతలో సహజంగానే ఉంటాయి.

తాళం వేయడం వేరు, దాచిపెట్టడం వేరు

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. వాట్సాప్‌లో మనం పంపే మాటలు తాళం వేసిన పెట్టెలో వెళ్తాయి. పెట్టె వెళ్తోందని దారిలో ఉన్నవాళ్లకు తెలుసు, తెరవడం మాత్రం వాళ్ల వల్ల కాదు. దాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. స్టెగనోగ్రఫీలో అసలు పెట్టె ఉందనే తెలియదు. బియ్యం బస్తాలో ఉంగరం పెట్టి పంపినట్టు. చూసేవాడికి బియ్యమే కనిపిస్తుంది.

ఒకే రాతలో రెండు సంగతులు పెట్టడం మన ఇళ్లకు కొత్త కాదు. ఆటోల మీద, దుకాణాల గల్లాపెట్టెల మీద కనిపించే 786 అంకె అలాంటిదే. అరబీలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3, దాల్‌కు 4. ఈ లెక్కను అబ్జద్ అంటారు. బిస్మిల్లాహ్ మొత్తం వాక్యంలో బిస్మ్ 102, అల్లాహ్ 66, అర్రహ్మాన్ 329, అర్రహీమ్ 289. కూడితే 786. ఈ అంకె వాడటం సరైనదేనా అనే విషయంలో ఉలమాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, అది వేరే చర్చ. అక్షరాల వెనక లెక్క దాగుతుందనేదే ఇక్కడి సంగతి. ఫార్సీ, ఉర్దూ కవులు ఇదే లెక్కతో "తారీఖ్" చెప్పేవాళ్లు. పైకి చూస్తే ఒక కవితా పాదం. అక్షరాల విలువలు కూడితే ఒకరు పుట్టిన సంవత్సరమో, మసీదు కట్టిన సంవత్సరమో వస్తుంది. తెలుగువాళ్లకు తెలిసిన కటపయాది పద్ధతి కూడా ఇలాంటిదే. మేళకర్త రాగం పేరులో మొదటి రెండు అక్షరాలను బట్టి ఆ రాగం నంబరు చెప్పేస్తారు.

రహస్య రాతను ఛేదించే శాస్త్రానికి తొలి పుస్తకం రాసింది కూడా ఒక ముస్లిం పండితుడే. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్-కిందీ. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువసార్లు, కొన్ని తక్కువసార్లు వస్తాయి. ఆ లెక్క తీస్తే గుప్త లిపి విప్పొచ్చని ఆయన రాశారు. తర్వాత ఈజిప్టులో అల్-ఖల్ఖషందీ 15వ శతాబ్దం మొదట్లో పూర్తిచేసిన తన పెద్ద గ్రంథంలో రహస్య లేఖల గురించి ఒక భాగమే పెట్టారు. అందులో కనిపించని సిరాల గురించి కూడా ఉంది. అప్పుడు సిరా, ఇప్పుడు అక్షరమే కనిపించకుండా ఉంటోంది. అంతే తేడా.

"ఈద్ ముబారక్"లో "రా" దాచాలంటే

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచంలోని అన్ని లిపులకూ నంబర్లు ఇచ్చే పట్టికను యూనికోడ్ అంటారు. అందులో తెలుగుకు 128 గదులు కేటాయించారు. సున్నా నుంచి లెక్కపెడితే "ర" 48వ గదిలో ఉంటుంది. దీర్ఘం గుర్తు 62వ గదిలో ఉంటుంది.

ఆ అంకెలను కంప్యూటర్ సున్నాలు, ఒకట్లతోనే రాసుకుంటుంది. 48 అంటే 0110000. 62 అంటే 0111110. అంటే "రా" అనే చిన్న మాటకు మొత్తం 14 సున్నాలు, ఒకట్లు చాలు.

యూనికోడ్‌లో వెడల్పు లేని అక్షరాలు కొన్ని ఉన్నాయి. ఉంటాయి గానీ తెర మీద చోటు తీసుకోవు. అలాంటివి రెండు తీసుకుని, ఒకదాన్ని సున్నా అనుకుందాం, రెండోదాన్ని ఒకటి అనుకుందాం. ఆ లెక్కన 14 కనిపించని అక్షరాలు వరుసగా "ఈద్", "ముబారక్" మధ్య పెట్టేస్తే పని అయిపోయింది. చదివేవాడికి పండగ శుభాకాంక్ష మాత్రమే కనిపిస్తుంది. సంకేతం తెలిసినవాడికి "రా" అని పిలుపు అందుతుంది.

కన్ను మోసపోతుంది గానీ కాటా మోసపోదు. పోర్టు నుంచి లారీ బయటికి వచ్చేటప్పుడు కాటా మీద తూకం వేస్తారు కదా, ఇక్కడా అంతే. "ఈద్ ముబారక్" అనే మామూలు మెసేజ్‌లో గుణింతం గుర్తులు, ఖాళీ కలిపి 11 అక్షరాలు ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో 31 బైట్లు. ఒక్కో కనిపించని అక్షరానికి 3 బైట్లు పడుతుంది. కాబట్టి "రా" దాచాక అదే మెసేజ్ 25 అక్షరాలు, 73 బైట్లు అవుతుంది. పైకి అదే లారీ, కాటా మీద మాత్రం రెట్టింపు కన్నా ఎక్కువ బరువు. పట్టుకునేవాళ్లు కూడా ఇలాగే పట్టుకుంటారు.

మన రాతలో కనిపించని అక్షరం ఉంటే అది నేరం కాదు

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది. "మెసేజ్‌లో కనిపించని అక్షరం దొరికింది, అంటే ఏదో కుట్ర ఉంది" అనుకోవడం తప్పు. ఇంగ్లిష్ రాతలో అవి అరుదు. తెలుగులో రోజువారీ అవసరం.

"వాట్సాప్‌లో" అనే మాట చూడండి. "ప్" తర్వాత "లో" వస్తే తెలుగు లిపి రెండింటినీ కలిపి "ప్లో" అనే ఒత్తు అక్షరం చేసేస్తుంది. అలా కలవకుండా ఆపేది ఒక కనిపించని అక్షరమే. దాని పని అంతా పక్కపక్కన ఉన్న రెండింటినీ అతుక్కోకుండా విడదీయడం. "ఫేస్‌బుక్", "స్టీల్‌ప్లాంట్", "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలు సరిగ్గా పడాలంటే అది కావాల్సిందే. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసంలోనే అలాంటివి పదుల కొద్దీ ఉన్నాయి. ఫార్సీలో కూడా అక్షరాలు అతుక్కోకుండా ఆపడానికి దీన్నే వాడతారు. ఉర్దూలో కొన్ని సమాసాలకు వాడతారు. కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ మధ్యలో ఫోన్ నంబరో ఇంగ్లిష్ మాటో వస్తే, దిశ చెప్పే ఇంకో రకం కనిపించని గుర్తులు చేరతాయి. కుటుంబం బొమ్మ ఉన్న ఎమోజీల్లో అయితే మనుషుల బొమ్మలను కలిపి కట్టేది కూడా అలాంటి అక్షరమే.

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లు హ్యాంగ్ అవుతున్నాయని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. చాలామంది "జ్ఞా" అనే అక్షరమే ప్రమాదకరం అనుకున్నారు. నిజానికి మామూలు "జ్ఞా" వల్ల ఏమీ కాలేదు. "జ్ఞ"కు, దీర్ఘానికి మధ్య ఆ విడదీసే కనిపించని అక్షరం వస్తేనే, దాన్ని తెర మీద ఎలా గీయాలో ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు తెలియక కుప్పకూలింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా కొన్ని వరుసలకు ఇదే జరిగింది. ఆపిల్ కంపెనీ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది, చెడ్డపేరు తెలుగు అక్షరానికి.

కాబట్టి తేడా ఎలా తెలుస్తుంది? పొల్లు అక్షరం పక్కన ఒక్కటి ఉంటే అది లిపి అవసరం. వరుసగా పది, పదిహేను, యాభై ఉంటే అది అవసరం కాదు. ఎవరో పెట్టినవి.

ఖాళీల్లో వేలిముద్ర

దాచడానికి కనిపించని అక్షరాలే కావాలని లేదు. రెండు వాక్యాల మధ్య ఒక ఖాళీ వదిలితే సున్నా, రెండు ఖాళీలు వదిలితే ఒకటి. పది వాక్యాలున్న లేఖలో తొమ్మిది చోట్ల ఇలా మార్చొచ్చు. అంటే 512 రకాల ప్రతులు తయారవుతాయి. 512 మంది ఉద్యోగులకు ఒక్కొక్కరికీ ఒక్కో ప్రతి. చదివితే అన్నీ ఒకటే.

టెస్లా కంపెనీ ఇలాగే చేసిందని దాని అధిపతి ఇలాన్ మస్క్ 2022లో స్వయంగా చెప్పారు. లోపలి సమాచారం బయటికి పోతోందని అనుమానం వచ్చి, అందరికీ ఒకేలా కనిపించే ఈమెయిల్ పంపారట. వాక్యాల మధ్య ఖాళీలు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా. బయటపడ్డ ప్రతిలో ఖాళీలు లెక్కపెడితే ఎవరిదో తెలిసిపోయింది.

ఇది విశాఖ ఇళ్లకు దూరం విషయం కాదు. స్టీల్‌ప్లాంట్ పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఒప్పుకున్న దగ్గర్నుంచి, ప్లాంటు గురించిన కాగితాలు, సర్క్యులర్లు వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని తిరిగాయో అందరికీ తెలుసు. ఏ ఆఫీసైనా, ఏ కంపెనీ అయినా లోపలి కాగితానికి ఇలాంటి గుర్తు పెట్టొచ్చు. "నా పేరు లేదు కదా, కాపీ చేసి పంపేస్తే ఏమవుతుంది" అనుకోవడం ఇక కుదరదు. ఆఫీసు కాగితం గ్రూపులో పెట్టే ముందు ఉద్యోగం గురించి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఒకేలా కనిపించే అక్షరాలు

కుటుంబాలకు డబ్బు నష్టం జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఇంగ్లిష్‌లో "ఎ" అక్షరం, రష్యన్ వాళ్ల లిపిలో "ఎ" అక్షరం తెర మీద అచ్చం ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేర్వేరు. 2017 ఏప్రిల్‌లో ఒక పరిశోధకుడు అన్నీ రష్యన్ లిపి అక్షరాలతో ఆపిల్ కంపెనీ సైటు పేరులా కనిపించే చిరునామా తయారుచేసి చూపించాడు. అప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో అది అసలు చిరునామాలాగే కనిపించింది. తర్వాత క్రోమ్ దాన్ని సరిచేసింది. బ్రౌజర్లు జాగ్రత్త పడినా మెసేజ్‌లో చదివే కన్ను ఇప్పటికీ మోసపోతుంది.

మన భాషల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. తెలుగు అంకెల్లో సున్నా, మాటల్లో వచ్చే పూర్ణానుస్వారం రెండూ గుండ్రంగానే ఉంటాయి, నంబర్లు వేరు. అరబీ కీబోర్డులో కాఫ్, ఉర్దూ కీబోర్డులో కాఫ్ మాట మధ్యలో వస్తే ఒకేలా కనిపిస్తాయి, లోపల వేర్వేరు. అందుకే ఒక్కోసారి కళ్లముందున్న పేరు వెతికినా కంప్యూటర్ దొరకలేదంటుంది.

దిశ గుర్తుల్ని కూడా మోసానికి వాడారు. రాత దిశ తిప్పేసే గుర్తును ఫైలు పేరు మధ్యలో పెడితే చివరి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. అలా ప్రోగ్రాము ఫైలు ఒకటి ఫొటోలా కనిపించేలా చేసి, టెలిగ్రామ్ విండోస్ యాప్ వాడేవాళ్లకు పంపుతున్నారని 2018 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. ఫొటో అనుకుని తెరిచినవాళ్ల కంప్యూటర్‌లోకి దొంగ ప్రోగ్రాము దిగింది.

పోర్టులో ఉద్యోగం, షిప్‌యార్డులో అప్రెంటిస్, గల్ఫ్ వీసా, తక్కువ ధరకు ఉమ్రా ప్యాకేజీ... ఇలాంటి లింకు ఏది వచ్చినా అందులోని పేరు కంటితో చూసి నమ్మకూడదు. ఆ సంస్థ చిరునామా మీరే టైపు చేసి వెళ్లండి. చేత్తో టైపు చేసినప్పుడు దొంగ అక్షరం వచ్చే అవకాశం లేదు.

మనిషికి కాదు, యంత్రానికి చెప్పే గుసగుస

ఈమధ్య కొత్త రకం వచ్చింది. ఏఐ చాట్‌బాట్‌లు మనం కాపీ చేసి ఇచ్చిన రాతలో కనిపించనివి కూడా చదువుతాయి. 2024 జనవరిలో ఒక ఏఐ నిపుణుడు, మనిషికి అస్సలు కనిపించని యూనికోడ్ అక్షరాలతో చాట్‌బాట్‌కు ఆదేశం ఇవ్వొచ్చని చేసి చూపించాడు. 2025 జులైలో జపాన్ పత్రిక నిక్కీ ఇంకో సంగతి బయటపెట్టింది. 14 సంస్థలకు చెందిన 17 పరిశోధన పత్రాల్లో, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాల్లాంటి పద్ధతులతో, ఏఐకి రహస్య సూచనలు ఉన్నాయట. ఈ పత్రాన్ని మెచ్చుకో అని వాటి సారాంశం.

ఉద్యోగాలకు అప్లై చేసే మన పిల్లలకు రెజ్యూమెలో ఇలా చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. చేయకపోవడమే మంచిది. ఆ రాతను సెలెక్ట్ చేస్తే, లేదా రంగు మారిస్తే బయటపడిపోతుంది. అప్పుడు తెలివి కాదు, మోసం అనే పేరు వస్తుంది.

2019 విశాఖ కేసు ఏం చెబుతోంది?

తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కాబట్టి ఈ ప్రశ్న రాక తప్పదు. 2019 డిసెంబర్ 20న ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ డాల్ఫిన్ నోస్" పేరుతో గూఢచర్యం కేసు బయటపెట్టారు. పోర్టు పక్కనున్న డాల్ఫిన్ నోస్ కొండ పేరే దానికి పెట్టారు. ఏడుగురు నేవీ సిబ్బందినీ, ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేసినట్టు చెప్పారు. తర్వాత కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. ఆ నెలాఖరుకే నేవీ తన స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్‌లు, ఫేస్‌బుక్ నిషేధించింది.

దర్యాప్తు అధికారులు చెప్పిన కథలో కనిపించని అక్షరాలు కేంద్రంలో లేవు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో వచ్చిన స్నేహాలు, ఆ తర్వాత డబ్బు. అంటే ప్రమాదం గొప్ప టెక్నాలజీ నుంచి రాలేదు. తెలియని మనిషి తీయని మాట నుంచి వచ్చింది.

రహస్య లేఖ అనగానే మన ఇళ్లలో చాలామందికి హాతిబ్ బిన్ అబీ బల్తా (రజి) సంఘటన గుర్తొస్తుంది. మక్కా విజయానికి ముందు ఆయన మక్కావాళ్లకు రహస్యంగా లేఖ పంపారు. తెచ్చే స్త్రీని హజ్రత్ అలీ (రజి), ఆయన సహచరులు దారిలో ఆపితే, జడలో దాచిన లేఖ బయటికి తీసిందని హదీసుల్లో ఉంది. లేఖ చేతికి వచ్చాక దైవప్రవక్త (స) మొదట చేసిన పని హాతిబ్‌ను పిలిచి, ఇదేమిటని అడగడం. మక్కాలో ఉన్న తన కుటుంబానికి అండ లేదని, అందుకే అలా చేశానని ఆయన చెప్పారు. ప్రవక్త (స) ఆ మాట నిజమని ఒప్పుకున్నారు. ఆయన బద్ర్ యుద్ధంలో పాల్గొన్న సంగతి గుర్తుచేసి, శిక్షించనివ్వలేదు. లేఖను వదిలిపెట్టలేదు, పట్టుకున్నారు. మనిషి మాట వినకుండా తీర్పు మాత్రం ఇవ్వలేదు.

ఈ రోజుల్లో దీని అవసరం ఎక్కువ. ఒక ఉర్దూ మెసేజ్‌లోనో, తెలుగు దుఆలోనో "దాచిన కోడ్ ఉంది" అని ఎవరో స్క్రీన్‌షాట్ పెడితే, అది నిజమో కాదో చూడకుండా గ్రూపుల్లో తిప్పేస్తే, ఆ మెసేజ్ రాసిన పిల్లవాడి బతుకు ఆగమైపోతుంది. ఆ కనిపించని అక్షరం అతని కీబోర్డు పెట్టిందే కావచ్చు.

ఇంట్లో ఏం చేయాలి?

మెసేజ్ మీద అనుమానం ఉంటే: కంప్యూటర్‌లో పెట్టి బాణం మీటతో ఒక్కో అక్షరం దాటించి చూడండి. మీట నొక్కుతున్నా కర్సర్ ఒకేచోట చాలాసేపు ఆగిపోతే అక్కడ ఏదో ఉంది. అక్షరాలు లెక్కపెట్టే సైటులో వేసినా లెక్క తేడా తెలుస్తుంది.

దుఆ, జనాజా కబురు, చందా విజ్ఞప్తి లాంటివి ముందుకు పంపాలంటే: అసలు నిజమో కాదో కనుక్కుని, మీ మాటల్లో మళ్లీ టైపు చేసి పంపండి. తిరిగి టైపు చేస్తే దాచిన అక్షరాలు రావు.

లింకులు: నొక్కొద్దు. చిరునామా స్వయంగా టైపు చేయండి. ఫొటో పేరుతో వచ్చిన ఫైలు ఇన్‌స్టాల్ చేయమని అడిగితే వెంటనే తీసేయండి.

మోసపోతే: అసలు మెసేజ్ డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్‌లో బొమ్మ మాత్రమే ఉంటుంది, దాచిన అక్షరాలు అందులోకి రావు. సాక్ష్యం కావాలంటే ఫోన్‌లో అసలు మెసేజ్ అలాగే ఉండాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు వెళ్లిన ఖాతాను ఆపించే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇదంతా చెప్పడం కష్టమైతే ఒక్క సంగతి చెప్పండి చాలు. మెసేజ్‌లో పేరు ఎవరిదైనా సరే, డబ్బు అడిగినా, ఓటీపీ అడిగినా, ముందు ఆ మనిషికి ఫోన్ చేసి గొంతు విని మాట్లాడాలి.